‘పనేమీ లేదు, ఇంట్లోనే ఉంటా’

ఆసుపత్రి ఓపీ గదిలో వైద్యుడు అడిగే ప్రశ్నలు నాలుగే. పేరేమి, వయసెంత, ఈ బాధ ఎన్నాళ్ళుగా ఉంది, ఏం పని చేస్తావు. విడపనకల్లు మండలంలోని పల్లెల నుండి చేతుల దురదతోనో, మెడ మీది దద్దుర్లతోనో వచ్చిన మన ఇంటి స్త్రీ చివరి ప్రశ్నకు ఇచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. “పనేమీ లేదు సార్, ఇంట్లోనే ఉంటా.” వైద్యుడు తల ఊపుతాడు. ఒక ట్యూబు, నాలుగు మాత్రలు రాస్తాడు. ఆమె బస్సెక్కి ఇంటికి వస్తుంది. పది రోజులు దురద తగ్గుతుంది, పదకొండవ రోజు మళ్ళీ మొదలవుతుంది.

ఆ ‘పనేమీ లేని’ ఇంట్లో ఏమేమి జరుగుతున్నదో ఒక్కసారి లెక్కవేద్దాం. తెల్లవారి బయలుదేరే ముందు ఆమె వసారాలో కుప్పపోసిన ఎండుమిరపకాయల తొడిమలు తీసింది. ముందురోజు మగడు ఏకిన దూదిని దిండ్లలో కూరి కుట్టింది. అంతకు ముందురోజు పైరుకు మందు కొట్టి వచ్చిన కొడుకు బట్టలను మిగతా బట్టలతో కలిపి వట్టి చేతులతో ఉతికింది. పెరట్లో బలిసిన వయ్యారిభామ మొక్కలను పీకి పారవేసింది. వీటిలో ఏ ఒక్కదాన్నీ ఆమె పని అనుకోలేదు, మనమూ అనుకోలేదు. కనుకనే వైద్యునికి చెప్పవలసిన మాట నోటి దాకా రాలేదు.

ఇంటిలో పుట్టే చర్మవ్యాధులు, అలర్జీల గురించి ఈ నెల మేము రాయదలచింది ఇందుకే. దురద చావు తెచ్చే జబ్బు కాదు కదా, హక్కుల పత్రికలో దీనికి చోటెందుకు అని కొందరు అడగవచ్చు. నిద్రను, చదువును, పెళ్ళి సంబంధాన్ని, కూలి రోజును తినివేసే బాధ చిన్నది కాదు. అంతకు మించి, ఈ బాధ వెనుక మన స్త్రీల శ్రమ దాగి ఉంది. శ్రమను గుర్తించనంతకాలం దాని నుండి వచ్చే వ్యాధినీ ఎవరూ గుర్తించరు.

ఇల్లే పని స్థలం

2006 నవంబరులో ప్రధానమంత్రికి అందిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదికను మనం ఎక్కువగా చదువు, ఉద్యోగాల లెక్కల కోసమే తిరగవేస్తాము. అందులోనే మరో లెక్క ఉంది. దేశంలో పనిచేసే స్త్రీలందరినీ తీసుకుంటే సొంత ఇంటి ఆవరణలోనే పనిచేసేవారు 51 శాతం కాగా, ముస్లిం శ్రామిక స్త్రీలలో వారి వాటా 70 శాతం. ఇతరులకు పని ఒకచోట, పడక ఒకచోట ఉండవచ్చు. మన స్త్రీలలో అత్యధికులకు రెండూ ఒకే గదిలో ఉంటాయి. కర్మాగారంలో దుమ్ము పీల్చిన కార్మికుడు సాయంత్రానికి గేటు దాటి బయటపడతాడు. ఇంటినే కర్మాగారం చేసుకున్న తల్లికి దాటవలసిన గేటు లేదు. ఆమె బిడ్డ కూడా ఆ దుమ్ములోనే నిద్రపోతుంది.

విడపనకల్లు నేల స్వభావం ఈ కష్టాన్ని ఇంకా పెంచుతుంది. బళ్ళారి సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతం వానకు ఎప్పుడూ మొహం వాచినదే. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. గాలిలో తేమ తక్కువ. నల్లరేగడి దుమ్ము ఆషాఢపు గాలికి ఇల్లిల్లూ చుట్టివస్తుంది. చర్మం పైపొర ఒక గోడవంటిది. తేమ, నూనె అనేవి ఆ గోడ ఇటుకల మధ్యనున్న సున్నం. పొడిగాలికి, బోరునీటి లవణానికి, బట్టల సబ్బు ఘాటుకు ఆ సున్నం రాలిపోతే గోడ బీటలు వారుతుంది. ఆ బీటల గుండానే దుమ్ము, ఘాటు, పుప్పొడి లోపలికి చొరబడి ఎగ్జిమాను రేపుతాయి. స్నానం అయిన వెంటనే ఒళ్ళు పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె గాని, వాసన కలపని వేజలైన్ వంటిది గాని రాసుకోవడం ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ అయిన అలవాటు. అయితే ఒక్క నూనెతో తీరే సమస్య కాదిది.

దూది మన పేరు, దూది మన దగ్గు

ఈ పీఠభూమిలో దూదేకుల, నూర్‌బాషా, పింజారి, నద్దాఫ్ అని ఏ పేరుతో పిలిచినా ఆ పేరు వృత్తి నుండి వచ్చిందే. అరబీ భాషలో నద్దాఫ్ అంటే దూది ఏకేవాడు. సూఫీ మన్సూర్ పేరులోని హల్లాజ్ అనే మాట కూడా ఈ వృత్తినే చెబుతుంది. వెయ్యేళ్ళకు పైబడి మన పేర్లలో నిలిచిన ఈ పని, మన ఊపిరితిత్తులలోనూ నిలిచిపోయింది.

విల్లుతో ఏకిన రోజులలో దుమ్ము తక్కువేమీ కాదు. విద్యుత్తు యంత్రం వచ్చాక పని వేగం పెరిగింది, గదినిండా ఎగిరే నుసి కూడా పెరిగింది. పత్తిలో కలిసే ఆకు తునకలు, తొడిమల పొడి, వాటిపై బతికే సూక్ష్మజీవుల విషపదార్థాలు ఊపిరితో లోపలికి పోయి ఛాతీని బిగబట్టే జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. దీనికొక విచిత్ర లక్షణం ఉంది. వారాంతపు సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజున ఆయాసం ఎక్కువగా ఉంటుంది, మిగతా రోజులలో కొంత సర్దుకుంటుంది. అందుకే మిల్లు కార్మికుల లోకంలో దీన్ని సోమవారపు జ్వరమన్నారు. జుమా రోజున యంత్రం ఆపే మన ఇళ్ళలో శనివారం పొద్దున ఛాతీ పట్టేసినట్లుంటే దాన్ని మంచుగాలి మీదికో, వయసు మీదికో నెట్టివేయరాదు. ఆ క్రమాన్ని వైద్యునికి చెప్పాలి. ఆ ఒక్క మాటే రోగనిర్ధారణకు దారి చూపగలదు.

పాత పరుపులను, బొంతలను విప్పి తిరిగి ఏకడంలో మరో ప్రమాదం ఉంది. ఏళ్ళ తరబడి మనుషులు పడుకున్న పరుపులో, రాలిన చర్మపు పొట్టును తిని బతికే అతి సూక్ష్మమైన దుమ్ము పురుగులు చేరతాయి. అవి కుట్టవు. వాటి మలం, మృత శరీరాల పొడి మాత్రం తుమ్ములకు, ఉబ్బసానికి, పిల్లల మోచేతి మడతలలో వచ్చే ఎగ్జిమాకు కారణమవుతుంది. యంత్రంలో వేసినప్పుడు అదంతా ఒక్కసారిగా గాలిలోకి లేస్తుంది. ఆ పురుగులకు తేమ కావాలి. మన ఊరి ఎండ వాటికి శత్రువు. కాబట్టి పాత పరుపును విప్పకముందు రెండు రోజులు మండుటెండలో వేసి, ఇంటికి దూరంగా, గాలి వీచే దిక్కు చూసుకుని దులపడం మంచిది. యంత్రం పడకగదిలో ఉండకూడదు. తువ్వాలు కంటే ముక్కుకు, నోటికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు మేలు. పని తరువాత చీపురుతో ఊడ్చి నుసిని మళ్ళీ లేపడం కన్నా తడిగుడ్డతో తుడవాలి. బిడ్డను ఎత్తుకునే ముందు బట్టలు మార్చుకోవాలి.

ఇంత చెప్పిన తరువాత కూడా ఒక మాట మిగులుతుంది. వీటన్నిటికీ స్థలం కావాలి. ఒకే గది ఉన్న ఇంటివాడికి యంత్రాన్ని బయట పెట్టుకో అని చెప్పడం తేలిక. ఆ బయట ఎక్కడ ఉంది?

మిరప మంట, వయ్యారిభామ పగ

విడపనకల్లు, ఉరవకొండ నల్లరేగడి పొలాలలో పండే మిరపకు సరిహద్దు దాటి బ్యాడిగి మార్కెట్టు వరకు గిరాకీ ఉంది. ఆ ఎరుపు వెనుక తొడిమలు తీసే చేతులున్నాయి. మిరపలోని మంటకు కారణమైన క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఎన్ని చెంబుల నీళ్ళు పోసినా చేతుల మంట ఆరదు. ముందు వంటనూనె బాగా రుద్ది, గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడిగితే ఉపశమనం కలుగుతుంది. పాలిచ్చే తల్లులు, కంటిలో మందు వేసుకునే ముసలివారు ఈ జాగ్రత్తను మరువరాదు. పలుచని రబ్బరు తొడుగులు వేసుకోవడం అన్నిటికన్నా మంచిది. కాయలు ఇచ్చి తొడిమలు తీయించుకునే వ్యాపారి ఆ తొడుగులను కూడా ఇవ్వాలి. కూలి అడిగినట్లే వాటిని అడగడానికి సిగ్గుపడనవసరం లేదు.

పైరు మీద కొట్టిన మందు కూడా ఇంటికి నడిచివస్తుంది, చొక్కా మీద, లుంగీ మీద. మందు కొట్టినవాడు వాటిని గుమ్మం బయటే విప్పాలి. విడిగా నానవేసి, విడిగా ఉతకాలి. ఉతికే చేతికి తొడుగు ఉండాలి. పసిపిల్లల పొత్తిగుడ్డలతో కలిపి ఒకే తొట్టిలో వేయడం ఎంతమాత్రం తగదు.

ఇక వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటాము. ఇది మన దేశపు మొక్క కాదు. 1950లలో పూణే పరిసరాలలో కనిపించి, కొద్ది దశాబ్దాలలో దేశమంతా వ్యాపించింది. విదేశీ గోధుమల వెంట దీని గింజలు వచ్చాయని జనంలో ప్రచారం. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తరువాత జీవితాంతం పడదు. మొక్కను తాకనవసరం కూడా లేదు, ఎండిన ఆకుల పొడి గాలిలో వచ్చి వాలితే చాలు. కనురెప్పలు, మెడ ముడతలు, మోచేతి మడతలు నల్లబడి, తోలు మొద్దుబారి, రాత్రంతా గోకుడు పుడుతుంది. దీన్ని నమిలే మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. వానలున్న చోట అది కొంత పని చేస్తుంది. కరువు నేలలో మనుషులే పూనుకోవాలి. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకాలి. మస్జిద్ ఆవరణ, ఈద్గా మైదానం, ఖబరస్తాన్, బడి ప్రహరీ చుట్టూ ఈ మొక్క అడవిలా పెరుగుతున్నది. మొదటి వాన పడిన వారంలో ఊరి యువకులు ఒక పూట కేటాయిస్తే ఎందరో వృద్ధులు ఆ ఏడాది నిద్రపోగలుగుతారు. ఇందులో హిందూ ముస్లిం భేదం లేదు. గాలికి గోడలు తెలియవు.

మందుల దుకాణం ఇచ్చిన జబ్బు

ఇప్పటిదాకా పని తెచ్చే జబ్బును చూశాము. వైద్యం అందక, వైద్యం పేరుతో వచ్చే జబ్బు అంతకన్నా బాధాకరం.

చర్మ వైద్య నిపుణుడు కావాలంటే విడపనకల్లు మనిషి అనంతపురమో బళ్ళారో పోవాలి. పోతే ఆ రోజు కూలి పోయినట్లే. స్త్రీ అయితే తోడు కావాలి, తోడువాని కూలి కూడా పోతుంది. అందువల్ల మొదటి వైద్యుడు మందుల దుకాణంలో కూర్చున్న కుర్రవాడే. అతడు ఇచ్చే ట్యూబులో ఎక్కువసార్లు మూడు మందులు కలిసి ఉంటాయి: ఒకటి బూజుకు, ఒకటి సూక్ష్మజీవులకు, మూడవది బలమైన స్టెరాయిడ్. దురద రెండు రోజులలో మాయమవుతుంది. మాయమైంది దురద మాత్రమే. స్టెరాయిడ్ వల్ల చర్మం పోరాటం మానేయగా తామర చల్లగా లోలోపల పాకుతుంది. నాలుగు వేళ్ళంత ఉన్న మచ్చ నడుమంతా చుట్టుకుంటుంది. గత పదేళ్ళకు పైగా దేశంలో మామూలు మందులకు లొంగని తామర విపరీతంగా పెరగడానికి ఈ కలగలుపు ట్యూబుల వాడకం ఒక ముఖ్య కారణమని చర్మ వైద్యులు మొత్తుకుంటున్నారు. మందులను ఎదిరించి నిలిచే ఆ బూజు రకానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటన్ ఇండోటినియే.

తామర పోగొట్టుకోవడానికి కొన్న ట్యూబే తెల్లబడడానికి ముఖానికి చేరుతుంది. పెళ్ళీడుకు వచ్చిన అమ్మాయికి “కొంచెం రంగు తేలితే సంబంధం కుదురుతుంది” అని పిన్నమ్మో, మేనత్తో చెబుతుంది. మొదటి నెలలో ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వచ్చి, ఎండలోకి పోతే మంట పుడుతుంది. మానితే ఇంకా ఎర్రబడుతుంది కాబట్టి మానలేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మంపై రాసే 14 రకాల స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. నియమం కాగితం మీద ఉంది, ట్యూబు చీటీ లేకుండానే చేతికి వస్తున్నది.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములలో మరో విషం పాదరసం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల వ్యాధి రావడాన్ని అక్కడి వైద్యులు గుర్తించి బయటపెట్టారు. అల్లాహ్ ఇచ్చిన రంగును తక్కువ చేసి మాట్లాడే మన నోళ్ళు ఆ బిడ్డల మూత్రపిండాల దాకా ఎలా చేరాయో ఆలోచించవలసింది మనమే. నల్లని బిలాల్ రజియల్లాహు అన్హు అజాన్ ఇచ్చిన ధర్మంలో పుట్టినవారు, అమ్మాయి చర్మపు రంగును కట్నం లెక్కలో కలపడం కన్నా సిగ్గుచేటు మరొకటి లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. స్టెరాయిడ్ మందే చెడ్డదని మేము అనడం లేదు. నిపుణుడు చెప్పిన బలంలో, చెప్పిన చోట, చెప్పిన రోజులు వాడితే అది మంచి మందే. నెలల తరబడి ముఖానికి వాడుతున్నవారు ఒక్కసారిగా మానక, వైద్యుని చూసి క్రమంగా వదిలించుకోవాలి.

గజ్జికి మతం లేదు, మురికీ లేదు

“వాళ్ళు శుభ్రంగా ఉండరు, అందుకే వాళ్ళకు గజ్జి.” ఈ మాటను మన పేటల గురించి ఇతరులు అంటే నొచ్చుకుంటాము. మనలో మనమే ఒక పేద ఇంటి గురించి, ఒక మదరసా పిల్లల గురించి అదే మాట అంటాము. రెండూ తప్పే. గజ్జి ఒక సూక్ష్మమైన పురుగు చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వస్తుంది. అది చర్మానికి చర్మం తగలడం వల్ల, ఒకే పడక పంచుకోవడం వల్ల పాకుతుంది. రోజూ స్నానం చేసేవారికీ వస్తుంది. ఇరుకు గదులే దానికి బలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. అంటే ఇది ఒక ఇంటి అపకీర్తి కాదు, ప్రభుత్వాలు పట్టించుకోవలసిన ప్రజారోగ్య విషయం.

రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ళ సందులలో, మణికట్టు వద్ద, నడుము చుట్టూ చిన్న పొక్కులు, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి రావడం దీని గుర్తులు. వైద్యుడు సూచించే 5 శాతం పెర్మెత్రిన్ మందును మెడ నుండి అరికాళ్ళ దాకా రాత్రి రాసి పొద్దున కడగాలి. వారం తరువాత మళ్ళీ రాయాలి. పసిబిడ్డలకు, గర్భిణులకు వైద్యుని అడిగి వాడాలి. అన్నిటికన్నా ముఖ్యం, దురద ఉన్నవారు లేనివారు అనక ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి రాసుకోవాలి. ఒక్కరు మానినా అది తిరిగి వస్తుంది. దుప్పట్లు, బట్టలు వేడినీట ఉతికి ఎండలో వేయాలి. పిల్లలు కలిసి పడుకునే మదరసాలలో, వసతి గృహాలలో ఒక పిల్లవాడికి మందు రాసి మిగతావారిని వదిలేయడం మందును వృథా చేయడమే.

మనం మార్చుకోగల చిన్న విషయాలు

పండుగకు, పెళ్ళికి పెట్టే మెహందీ మన సంతోషాల గుర్తు. ఆకు నూరి పెట్టిన గోరింటాకు గంటల తరువాత నారింజ, గోధుమ రంగుకు పండుతుంది. పావుగంటలో నల్లగా పండే కోన్‌లో జుట్టుకు వేసే రంగులోని పీపీడీ అనే రసాయనం కలిపి ఉండవచ్చు. దానికి చేతి మీద అదే పూవు ఆకారంలో బొబ్బలు లేచిన పిల్లలు, పెద్దయ్యాక ఒక్క జుట్టురంగు పూతకు ముఖమంతా వాచిపోయే స్థితిలో పడతారు. ఆ అలర్జీ జీవితాంతం పోదు. ఈద్ ముందు రాత్రి మన బిడ్డల చేతులకు ఆకే చాలు.

తలగుడ్డకు పెట్టే పిన్ను, గిల్టు నగలు, బురఖా కొక్కెం తగిలిన చోట దురద వస్తే అది నికెల్ లోహానికి వచ్చే అలర్జీ కావచ్చు. ప్లాస్టిక్ పిన్ను, గుడ్డతో కప్పిన కొక్కెం దానికి పరిష్కారం. ముదురు రంగు వేసిన పాలిస్టర్ గుడ్డ మన ఊరి వేసవిలో చెమటకాయలకు, కొందరికి రంగు వల్ల అలర్జీకి దారితీస్తుంది. లోపల నూలు గుడ్డ, కొత్తదాన్ని రెండుసార్లు ఉతికి తొడగడం, వదులుగా కుట్టించడం మేలు. ఈ మాటను బురఖా మీద దాడికి సాకుగా వాడుకోదలచినవారికి మా సమాధానం ఒక్కటే: పాలిస్టర్ చొక్కా తొడిగిన మగవాడికీ ఇదే చెమటకాయలు వస్తాయి. మా ఫిర్యాదు గుడ్డ నాణ్యత మీద, వస్త్రధారణ మీద కాదు.

వుజూ రోజుకు ఐదుసార్లు కాళ్ళను శుభ్రపరుస్తుంది. కాలివేళ్ళ సందులను తుడవకుండా వదిలితే అక్కడ తెల్లగా ఒరిసి బూజు పడుతుంది. ఎవరి తువ్వాలు వారిదే ఉండాలి. మస్జిద్ వుజూఖానాలో అందరికీ ఒకే తువ్వాలు, అందరి తలకు అవే టోపీలు ఉంచడం సదుద్దేశమే అయినా తామరను పంచుతుంది. చేతుల పగుళ్ళకు నీరు హాని చేస్తుందని వైద్యుడు చెప్పిన రోగికి ధర్మం తయమ్ముమ్ సౌలభ్యం ఇచ్చింది. ఆ సౌలభ్యాన్ని గురించి ఉలమాను అడగడానికి ఎవరూ సంకోచించరాదు.

జాగ్రత్త మనది, బాధ్యత ప్రభుత్వానిది

జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే తప్పంతా రోగి మీదనే మోపినట్లవుతుంది. చట్టం ఏమంటుందో చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం తప్పక నమోదు చేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో బిస్సినోసిస్‌ను, పని వల్ల వచ్చే చర్మవ్యాధులను చేర్చింది. అయితే ఆ చట్టం కింద విద్యుత్తు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. భార్యాభర్తలు, ఒక కూతురు పనిచేసే దూదేకుల ఇల్లు ఏనాడూ ఆ లెక్కలోకి రాదు. ఇంటి నుండి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒప్పందాన్ని మన దేశం ఇంతవరకు ఆమోదించలేదు. కార్మికుని ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1995లో ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో చెప్పింది. ఇంట్లో పనిచేసినంత మాత్రాన ఆ హక్కు గుమ్మం దగ్గర ఆగిపోతుందా?

కాబట్టి మేము అడుగుతున్నవి ఇవి. విడపనకల్లు వంటి మండల కేంద్రాలకు నెలకు ఒక్కరోజైనా చర్మ వైద్య నిపుణుడు రావాలి, ఆ రోజు మహిళా వైద్యురాలో, నర్సో తప్పక ఉండాలి. తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినిపించే ఈ సరిహద్దులో రోగి తన భాషలో బాధ చెప్పుకోగలగాలి. ఓపీ చీటీ మీద ‘ఇంటిలో చేసే పని’ అనే గడి ఉండాలి. పెర్మెత్రిన్, బూజు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుటుంబానికంతటికీ సరిపడా ఉచితంగా దొరకాలి. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే దుకాణాలపై ఔషధ నియంత్రణ అధికారులు చర్య తీసుకోవాలి. దూదేకుల కుటుంబాలకు రుణం ఇచ్చే సంస్థలు యంత్రంతో పాటు దుమ్ము బయటికి లాగే పంకాకు, విడిగా రేకుల కొట్టానికి కూడా సొమ్ము ఇవ్వాలి. ఒకే గది ఇంటివాడికి ఆ ‘బయట’ అలా ఏర్పడుతుంది.

మన సంఘాలు చేయగలిగినవి కూడా ఉన్నాయి. అసంఘటిత కార్మికుల ఇ-శ్రమ్ నమోదులో తొడిమలు తీసే, దూది కూరే, బీడీలు చుట్టే ప్రతి స్త్రీ పేరును ఆమె వృత్తితో సహా చేర్పించాలి. గృహిణి అని రాయించి చేతులు దులుపుకోరాదు. జుమా ఖుత్బాకు ముందు ఐదు నిమిషాలు ఈ విషయాలకు కేటాయించాలి. ఆ మాటలు స్త్రీల చెవిన పడేలా ఇజ్తిమాలలో, ఇళ్ళలో మళ్ళీ చెప్పాలి.

అన్నిటికన్నా ముందు ఒక చిన్న పని ఈ రోజే మొదలుపెట్టవచ్చు. ఇంటి నుండి ఆసుపత్రికి పోయే ప్రతి అమ్మకు, అక్కకు, కోడలికి చెప్పి పంపుదాం: వైద్యుడు ఏం పని చేస్తావమ్మా అని అడిగితే తల దించుకుని పనేమీ లేదనవద్దు. మిరప తొడిమలు తీస్తాను, దూది కూరుతాను, మందు బట్టలు ఉతుకుతాను అని చెప్పు. వైద్యుడు అడగకపోయినా నువ్వే చెప్పు. ఆ జవాబు చీటీ మీదికి ఎక్కిన రోజున ఆమె దురదకు సరైన మందు దొరుకుతుంది. అటువంటి చీటీలు వందలుగా చేరిన రోజున ఆమె శ్రమకు ఒక లెక్క దొరుకుతుంది.